తొలి క్రియాటినిన్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికీ, శ్రీలంకలోని అనురాధపురానికీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇక్కడిది ఇసుకనేల, కొబ్బరి, జీడిమామిడి, పనస. అక్కడ రాజుల కాలంనాటి చెరువులు వేల సంఖ్యలో, వాటి కింద వరి. తిండి వేరు, మాట వేరు. జబ్బు మాత్రం ఒకటే. షుగరు ఉండదు, చాలామందికి మొదట్లో బీపీ కూడా ఉండదు. ముప్పై నలభై ఏళ్ళ వయసులో పొలం పని చేసుకునే మనిషికి రెండు కిడ్నీలూ చప్పుడు లేకుండా కుంచించుకుపోతాయి. శ్రీలంక డాక్టర్లు 1990లలో దీన్ని పసిగట్టారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో ఏదో తేడాగా ఉందని మన స్థానిక డాక్టర్లు మొత్తుకోవడం కూడా ఇంచుమించు ఆ రోజుల నుంచే.

కారణం ఏమిటన్నది రెండుచోట్లా తేలలేదు. నీళ్ళలో ఫ్లోరైడు, సిలికా, పురుగుమందులు, మండుటెండలో చాకిరీ, నొప్పిబిళ్ళలు, వంశంలో వచ్చే బలహీనత అంటూ అనుమానితుల జాబితా పెద్దదే. వీటిలో ఒక్కదానిమీద వేలుపెట్టి ఇదే హంతకుడు అని నిరూపించినవాళ్ళు లేరు. బహుశా రెండు మూడు కలిసి చేసే పని అయివుంటుందని నా అంచనా. ఈ వ్యాసం కారణం గురించి కాదు. ఒకే జబ్బు వచ్చిన ఇద్దరు రైతుకూలీలకు, పక్కపక్క దేశాల్లో ఉన్నందువల్ల, వైద్యం ఏ దశలో అందుతోంది అన్నదాని గురించి.

రోగాల లెక్కలు చూసే పని నాది. దేశాలను పోల్చేటప్పుడు సాధారణంగా సగటులు చెబుతాం. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20 లెక్కల్లో భారతదేశానికి 97. ఆంధ్రప్రదేశ్‌కు 45, తెలంగాణకు 43. శ్రీలంక ఇంతకంటే తక్కువ సంఖ్యతో ఎప్పటినుంచో మనకు ముందుంది. ఆయుర్దాయంలోనూ అంతే, కొన్నేళ్ళ తేడా. ఈ అంకెలు నిజమే గానీ వీటితో ఒక చిక్కు ఉంది. సగటు అనేది ఎవరి ఇంటి తలుపూ తట్టదు. పైగా కాన్పుల్లో బాగా చేసిన రాష్ట్రం కిడ్నీ జబ్బులో కూడా బాగా చేస్తుందని నమ్మకం లేదు. కాన్పుకు తేదీ ఉంటుంది, నొప్పులు వస్తాయి, ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఎనభై పాళ్ళు నడిచేదాకా రోగికే తెలియదు. ఆరోగ్య వ్యవస్థ గట్టిదనాన్ని పరీక్షించాలంటే ఇలాంటి మూగ జబ్బును ఎంచుకోవాలి.

డబ్బు తేడా అనుకుంటే అదీ కాదు. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మన ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యం మీద పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. శ్రీలంక ప్రభుత్వం పెట్టేది కూడా చాలాకాలంగా రెండు శాతం లోపే. జనం జేబులోంచి పోయే వాటా మన దగ్గర 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4కి దిగింది. దిగడం మంచిదే. శ్రీలంకలో ఆ వాటా మనకంటే తక్కువేమీ కాదు. అయితే అక్కడ జేబులోంచి ఖర్చుపెట్టేవాళ్ళలో ఎక్కువమంది పెట్టగలవాళ్ళు. సాయంత్రం ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఫీజు కట్టేది ఉద్యోగి, వ్యాపారి. కూలివాడికి జ్వరమొచ్చినా, ఆపరేషన్ కావాలన్నా ప్రభుత్వాసుపత్రే దిక్కు, అక్కడ అతన్ని పైసా అడగరు. మన దగ్గర అందరికంటే ముందు జేబు తడుముకునేది ఆ కూలివాడే. ఆర్‌ఎంపీకి వంద, మెడికల్ షాపులో రెండొందలు, ల్యాబులో ఇంకో మూడొందలు. ఇవి ఏ పథకం లెక్కలోకీ రావు.

శ్రీలంకకు ఈ ఉచిత ప్రభుత్వ వైద్యం ఊరికే అబ్బలేదు. కళుతరలో మొదటి ఆరోగ్య యూనిట్ పెట్టింది 1926లో. ఊళ్ళ సముదాయానికి ఒక వైద్యాధికారి, ఆయన కింద మంత్రసానులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు. 1931లో ఆ దేశంలో ఆడా మగా పెద్దలందరికీ ఓటు హక్కు వచ్చింది. మనకంటే రెండు దశాబ్దాలు ముందు. 1934-35లో మలేరియా విరుచుకుపడి వేలాదిమందిని పొట్టనపెట్టుకుంది. ఓటు చేతిలో ఉన్న జనం ఆసుపత్రులు అడిగారు, నాయకులు కట్టక తప్పలేదు. స్వాతంత్ర్యం నాటికే పల్లెల్లో ఆసుపత్రి అన్నది వింత కాకుండా పోయింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఇప్పటికీ సుమారు మూడువేల జనాభాకు ఒక ప్రజారోగ్య మంత్రసాని ఉంటుంది. ఆమె దగ్గర ఇంటింటి రిజిస్టరు ఉంటుంది. ఎవరు గర్భిణి, ఎవరి బిడ్డ బరువు పెరగడం లేదు అన్నది ఆమెకు చూడకుండానే తెలుసు.

కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు ఈ పాత అల్లిక పనికొచ్చింది. మొదట్లో వాళ్ళకూ రోగులు ముదిరాకే దొరికేవారు. తర్వాత మెదవచ్చియ, పదవియ వంటి చోట్ల కిడ్నీ క్లినిక్కులు పెట్టారు, ఊళ్ళకు వెళ్ళి రక్తం, మూత్రం తీసి పరీక్షించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి చేసిన సర్వే ఫలితాలు 2013లో వచ్చాయి. ఆడవాళ్ళలో 16.9 శాతం, మగవాళ్ళలో 12.9 శాతం మందికి జబ్బు ఛాయలు కనిపించాయి, ముదిరిన దశలు మాత్రం మగవాళ్ళలోనే ఎక్కువ. ఆ సర్వే చేయకపోతే ఆడవాళ్ళ సంఖ్య ఎవరికీ తెలిసేది కాదు. ఆసుపత్రి వార్డులో కనిపించేది ముదిరిన మగవాళ్ళే కదా.

అక్కడ రోగి చేతిలో ఒక క్లినిక్ పుస్తకం ఉంటుంది. బడిపిల్లల నోటుబుక్కు లాంటిది, ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చుకుంటారు. నెలనెలా క్లినిక్ తేదీ, ఆ రోజు బీపీ, క్రియాటినిన్, ఇచ్చిన మాత్రలు అన్నీ వరుసగా అందులో రాసి ఉంటాయి. డాక్టరు బదిలీ అయినా పుస్తకం రోగితోనే ఉంటుంది. కొత్త డాక్టరు నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే రెండేళ్ళ కథ కళ్ళముందుంటుంది. పుస్తకం చూసి కౌంటరులో నెలకు సరిపడా మందులిస్తారు. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు, అందుకే నాకు నచ్చింది.

ఇప్పుడు ఉద్దానం వద్దాం. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీల దగ్గర పనిచేసే ఒకామెను ఊహించుకోండి. యాభై అయిదేళ్ళుంటాయి, మనిషి బక్కపలచన. ఒళ్ళునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే సూది వేస్తాడు, బిళ్ళలిస్తాడు. సాయంత్రానికి హాయిగా ఉంటుంది. వారం తిరగ్గానే మళ్ళీ వెళ్తుంది. ఆ బిళ్ళల్లో చాలావరకు డైక్లోఫెనాక్ కోవకు చెందినవి, నీరు తాగక ఎండిపోయిన ఒంట్లో కిడ్నీలకు సరిగ్గా పడనివి. ఎవరో చెప్పి ఆమె రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని వస్తుంది. పక్కనే నార్మల్ 0.6 నుంచి 1.2 అని అచ్చేసి ఉంటుంది. ల్యాబు కుర్రాడు, "ఏమీ లేదమ్మా, నార్మలే" అంటాడు.

నిజానికి ఆమెకు చాలానే ఉంది. క్రియాటినిన్ కండల్లోంచి వచ్చే పదార్థం, కిడ్నీలు వడపోయలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. కండ ఉన్న పాతికేళ్ళ మగవాడికి 1.2 అంటే కిడ్నీల వడపోత శక్తి నిమిషానికి 86 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. అదే 1.2 యాభై అయిదేళ్ళ ఆడమనిషికి వస్తే లెక్క 53కి దిగుతుంది. అరవై కంటే తక్కువ మూడు నెలలు నిలిస్తే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. కాగితం మీద అంకె ఒకటే, మనుషులు వేరు. వయసు, ఆడా మగా చూసి వడపోత అంకెను లెక్కగట్టి రిపోర్టులో వేయడానికి ల్యాబుకు కొత్త యంత్రం అక్కర్లేదు, కంప్యూటరులో ఒక సూత్రం చాలు. చాలా ల్యాబుల్లో ఇవాళ్టికీ వేయడం లేదు.

ఇంకో సంగతి. దేశమంతా ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు చేసే ఇంటింటి పరీక్షల్లో ప్రధానంగా చూసేది బీపీ, షుగరు, మూడు రకాల క్యాన్సర్లు. ఉద్దానం రోగికి బీపీ లేదు, షుగరు లేదు. ఆ సర్వేలో అతను ఆరోగ్యవంతుల వరుసలో చేరతాడు. మూత్రంలో కాగితపు పట్టీ ముంచి ప్రొటీన్ చూసే చవక పరీక్ష ఉంది, షుగరు రోగుల కిడ్నీలకు అది బాగా పనికొస్తుంది. ఈ జబ్బు వడపోత గుత్తుల కంటే ముందు వాటి వెనకున్న సన్నటి నాళాలను తింటుంది కాబట్టి ప్రొటీన్ చాలాకాలం బయటపడదు. అంటే మనం వేసిన రెండు వలల కన్నాల్లోంచీ ఈ చేప జారిపోతుంది. రక్తం తీసి క్రియాటినిన్ చూడటం ఒక్కటే దారి.

అది చేయనందువల్ల ఏమవుతోంది? వాంతులు, ఆయాసం, కాళ్ళవాపు వచ్చాక ఇంట్లోవాళ్ళు రోగిని బండెక్కించి ఒడిశా వైపు బరంపురమో, ఇటు శ్రీకాకుళమో, విశాఖపట్నమో తీసుకెళ్తారు. అప్పటికి క్రియాటినిన్ ఎనిమిదో, పదో. డయాలసిస్‌కు చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేస్తే అది పనికి రావడానికి ఆరు వారాలైనా పడుతుంది. అంత వ్యవధి లేదు గనుక మెడలో గొట్టం వేసి మొదలుపెడతారు. గొట్టంతో ఇన్ఫెక్షను ముప్పు. ముందే తెలిసిన రోగికి, అప్పటికప్పుడు తెలిసిన రోగికి తేడా ఈ మెడ గొట్టం దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రభుత్వాలు ఊరుకున్నాయని నేను అనడం లేదు. 2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు. 2017లో ఉద్దానం ఊళ్ళలో పెద్ద ఎత్తున రక్తపరీక్షలు చేశారు. కవిటి, సోంపేట, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులతో మంచినీళ్ళు తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవన్నీ అవసరమే, ఒక్కటి కూడా తీసేయమనను. శ్రీలంక కూడా చైనా సాయంతో పొలన్నరువలో ప్రత్యేక కిడ్నీ ఆసుపత్రి కట్టి 2021లో తెరిచింది. భవనాల పోటీలో రెండు దేశాలూ సమఉజ్జీలే.

నా భయం లెక్కలో ఉంది. డయాలసిస్ ఒకసారికి నాలుగు గంటలు. వారానికి మూడుసార్లు చొప్పున ఏడాదికి 156. మన దేశంలో ఏటా 2.2 లక్షలమందికి కొత్తగా కిడ్నీలు పూర్తిగా చెడిపోతాయన్నది జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం వాడిన అంచనా. రెంటినీ గుణిస్తే 3.4 కోట్లు. ఏడాదికి అదనంగా కావలసిన డయాలసిస్‌లు అవి, పైఏడాది మళ్ళీ అన్ని. ఇప్పుడొక యంత్రాన్ని తీసుకోండి. రోజుకు మూడు విడతలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 18. మూడుసార్లు చొప్పున ఇస్తే ఆ యంత్రం ఆరుగురికే సరిపోతుంది. తలుపు దగ్గర ఇంకో ముగ్గురు నిలబడితే కేంద్రం ఏం చేస్తుంది? అందరికీ వారానికి రెండుసార్లు చేస్తుంది. తొమ్మిదిమంది సరిపోతారు. నివేదికలో లబ్ధిదారుల సంఖ్య ఒకటిన్నర రెట్లవుతుంది, ప్రతి రోగికీ అందే వైద్యం మూడింట రెండొంతులకు తగ్గుతుంది. మీటింగుల్లో ఆ మొదటి అంకెకే చప్పట్లు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఒక్క డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. నీళ్ళ మీదే అనుమానమున్న ఊళ్ళలో, కరెంటు పోయే ఊళ్ళలో ఇది చిన్న ఏర్పాటు కాదు. రోగితోపాటు తోడు రావలసిన మనిషి ఉంటాడు. ఇద్దరికీ ఏడాదికి 156 రోజుల కూలి పోతుంది. వైద్యం ఉచితమే అయినా ఇల్లు గడవకపోవడానికి కారణం అది.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది పింఛను నిబంధన. డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగులకూ ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఉంది. దానికి అర్హత క్రియాటినిన్ 5 దాటడం, లేదా వడపోత శక్తి 15 కంటే తగ్గడం, లేదా కిడ్నీలు కుంచించుకుపోవడం. పదిహేను కంటే తక్కువ అంటే అయిదో దశ, చివరి దశ. ఆదుకోవాలనే ఆ గీత గీశారు, అందులో దురుద్దేశం లేదు. ఫలితం మాత్రం ఇది: క్రియాటినిన్ 2 ఉన్న మనిషి ప్రభుత్వ లెక్కలో ఎవరూ కాడు. అతనికి నెలనెలా పరీక్ష లేదు, ఎండలో పని తగ్గించుకోవడానికి సాయం లేదు, పుస్తకం లేదు. మనిషి చివరి దశకు చేరాకే మన కంటికి ఆనుతున్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, మనం ఆ గొడ్డలికి బడ్జెట్లో పద్దు పెట్టుకుని, గోటి మాట మరిచిపోయాం.

పెద్ద పథకాల నిర్మాణమే అలాంటిది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ ఇవాళ్టికీ రెండు రాష్ట్రాల్లో నడుస్తోంది. దానివల్ల గుండె ఆపరేషన్లు చేయించుకున్న పేదలు లక్షల్లో ఉన్నారు, ఆ మేలును తక్కువ చేయను. కానీ దాని ఇరుసు ఆసుపత్రి పడక. పడకెక్కితే బిల్లు, బిల్లుంటే చెల్లింపు. ఊళ్ళో నెలకోసారి తీసే రక్తానికి, రోజువారీ బీపీ మాత్రకు, నొప్పిబిళ్ళ వద్దని చెప్పే పది నిమిషాల మాటకు బిల్లు ఏ ప్యాకేజీలో వస్తుంది? పైగా బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా సేవలు ఆపేస్తామని ప్రైవేటు ఆసుపత్రులు నోటీసు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది.

అయితే శ్రీలంకను దేవుడి పటంలా గోడకు తగిలించుకునే వీలు కూడా లేదు. ఈ జబ్బు పేరు చెప్పి అక్కడ జరిగిన రాజకీయం చిన్నది కాదు. 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించారు, కిడ్నీ జబ్బుకు అదే మూలమన్న వాదన మీద. రుజువు బలంగా లేదని శాస్త్రవేత్తలు అంటూనే ఉన్నారు. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మినహాయించారు. 2021లో గొటబయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతినే ఆపేసింది, చెప్పిన కారణాల్లో మళ్ళీ కిడ్నీ జబ్బు ఒకటి. వరి, తేయాకు దిగుబడి పడిపోయింది, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అప్పటికే విదేశీ మారకం అడుగంటుతోంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది.

ఆ దేశం వాడే మందుల్లో అత్యధిక భాగం దిగుమతే. డాలర్లు లేకపోయేసరికి గోదాములు ఖాళీ అయ్యాయి. 2022 మార్చిలో పెరదెనియ బోధనాసుపత్రిలో మందులు లేక ముందే నిర్ణయించిన ఆపరేషన్లు ఆపారు. ఆ వార్త చూసి మన విదేశాంగ మంత్రి సాయం చేస్తామని బహిరంగంగా చెప్పారు, భారత్ మందులు పంపింది, ఆహారం, మందుల కొనుగోలుకు వందకోట్ల డాలర్ల రుణం అంతకు ముందే ఇచ్చింది. శ్రీలంక డాక్టర్లు వందల సంఖ్యలో దేశం విడిచి విమానమెక్కారు. హడావుడిగా కొన్న మందుల్లో నాసిరకం బయటపడింది. ఆ వ్యవహారంలో మాజీ ఆరోగ్యమంత్రి 2024లో అరెస్టయ్యారు. ఆ రోజుల్లో క్లినిక్ పుస్తకం పట్టుకుని వెళ్ళిన రోగికి కౌంటరులో మాత్రలకు బదులు చీటీ ఇచ్చి బయట కొనుక్కోమన్నారు. తొంభై ఏళ్ళపాటు కట్టిన వ్యవస్థ మందుల గొలుసు తెగేసరికి కొన్ని నెలల్లోనే మోకాళ్ళ మీదికి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అదే దేశంలో 1970లలో సేనక బిబిలె అనే ఫార్మకాలజీ ప్రొఫెసరు అవసరమైన మందుల జాబితా తయారుచేసి, ప్రభుత్వ సంస్థ ద్వారా చవగ్గా కొనే పద్ధతి చూపించి మూడో ప్రపంచానికంతా పాఠం చెప్పాడు.

అయినా ఒకటి గమనించాను. అంత సంక్షోభంలోనూ అక్కడ రోగుల జాబితా చెదిరిపోలేదు. ఎవరికి ఏ మందు ఆగిపోయిందో చెప్పడానికి పుస్తకాలు ఉన్నాయి. అలాంటి కష్టమే మన దగ్గర వస్తే, మందు ఆగిపోయిన మనిషి ఎవరో కూడా తెలియదు. ఆర్‌ఎంపీ చీటీలను ఎవరు లెక్కిస్తారు?

వైద్యం అందనిచోట సరిహద్దులు దాటి ఇంకేవో అందుతాయి. 2015 చివర్లో నల్గొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. అప్పుల్లో ఉన్న కుర్రాళ్ళను ఇంటర్నెట్‌లో వలవేసి కొలంబో తీసుకెళ్ళి కిడ్నీలు తీయించే ముఠా. ఆ సంగతి బయటపడ్డాక శ్రీలంక 2016 జనవరిలో విదేశీయులకు కిడ్నీ మార్పిడులు ఆపేసింది. ఉచిత వైద్యానికి పేరుపడిన దేశంలోనే, ఒక పక్కన ఈ బేరం కూడా నడిచింది. మార్పిడి అవసరమయ్యే దశకు రోగుల్ని చేరనిచ్చే వ్యవస్థ ఎక్కడున్నా ఇలాంటి బేరగాళ్ళకు పని దొరుకుతూనే ఉంటుంది.

ఇక ఉత్తరాన నేపాల్. ఆ ప్రభుత్వం డయాలసిస్‌ను రోగులకు ఉచితం చేసింది. అక్కడి డాక్టర్లు కొన్నేళ్ళుగా ఒక సంగతి చెబుతున్నారు. డయాలసిస్‌కు వచ్చే కుర్రవాళ్ళలో గల్ఫ్ నుంచో మలేషియా నుంచో తిరిగొచ్చినవాళ్ళు చెప్పుకోదగ్గంతమంది ఉంటున్నారని. వెళ్ళేటప్పుడు మెడికల్ పాసై వెళ్ళినవాళ్ళే. ఎండలో పదేసి గంటల పని, చాలీచాలని నీళ్ళు, అలసట తెలియకుండా ఎనర్జీ డ్రింకులు, నొప్పులకు బిళ్ళలు. మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇదే రకం కిడ్నీ జబ్బు, అక్కడ వేడి మీద అనుమానం అన్నిటికంటే బలంగా ఉంది. కోతల కాలానికి ముందు, తర్వాత రక్తం తీసి చూస్తే కొందరు కూలీల్లో క్రియాటినిన్ ఒక్క సీజనులోనే పెరిగింది.

గల్ఫ్ అనగానే తెలుగు పాఠకులకు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ గుర్తుకొస్తాయి. తిరిగొచ్చినవాళ్ళ పాస్‌పోర్టు చూసేవాళ్ళున్నారు, అప్పు వసూలు చేసేవాళ్ళున్నారు, క్రియాటినిన్ చూసేవాళ్ళు లేరు. నేపాల్ డాక్టర్లు చూసిన రోగులు మన ఊళ్ళలోనూ ఉండేవుంటారని నా అనుమానం. రుజువు లేదు, ఎందుకంటే వెతకలేదు. ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ రోగులు వరుసగా చనిపోతున్నారన్న కబురు పత్రికల ద్వారా బయటికి వచ్చింది. ఊళ్ళో శవాలు లేచాక విలేకరి రావడం, ఆ తర్వాత వైద్యబృందం రావడం అన్నది నిఘా కాదు. ఏటేటా వేసవి ముదురుతున్న కాలంలో ఇంకో ఉద్దానం ఎక్కడ తయారవుతోందో చెప్పే ఏర్పాటు మనకు లేదు. నా ఆందోళన అంతా ఇక్కడే.

ముందే కనిపెడితే జబ్బు నయమవుతుందా అని అడుగుతారు. కాదు. కారణం తెలియని జబ్బుకు నయంచేసే మందు లేదు. ముందే తెలిస్తే నొప్పిబిళ్ళలు మాన్పించవచ్చు, ఎండ పని వేళలు మార్చవచ్చు, రక్తహీనత, బీపీ వచ్చినప్పుడు అదుపులో పెట్టవచ్చు, డయాలసిస్ తప్పని రోజు వస్తే మెడ గొట్టం లేకుండా చేతిలో సిద్ధం చేసిన ఫిస్టులాతో మొదలుపెట్టవచ్చు. నలభై ఏళ్ళ మనిషికి ఇలా కలిసొచ్చే కొన్ని సంవత్సరాల్లో పిల్లల చదువు గట్టెక్కుతుంది.

అందుకని నేనడిగే అంకె ఒక్కటే. ప్రతి మండలంలోనూ ఈ ఏడాది కొత్తగా తేలిన కిడ్నీ రోగుల తొలి క్రియాటినిన్ ఎంత? సగంమంది 2 లోపు దొరుకుతున్నారా, 6 దాటాక దొరుకుతున్నారా? డయాలసిస్ యంత్రాల సంఖ్య, పింఛన్ల సంఖ్య పెరగడం వైద్యం అందుతోందనడానికి గుర్తు కావచ్చు, అందకుండా పోయిందనడానికీ కావచ్చు. ఈ ఒక్క అంకెకు అలాంటి రెండో అర్థం లేదు. దీన్ని ఏటా అచ్చువేస్తే పాలకులకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మొదట్లో చాలా చెడ్డగా వస్తుంది. శ్రీలంకలోనూ 2013 నాటి సర్వే అంకెలు చూసి తలలు పట్టుకున్నారు. ఆ తర్వాతే ఆడవాళ్ళ కోసం కూడా వెతకాలని అర్థమైంది.

పని చిన్నదే. మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఉపాధి హామీ కూలీలకు, జీడి బట్టీల వాళ్ళకు, గల్ఫ్ నుంచి దిగినవాళ్ళకు ఏఎన్ఎం రక్తం తీయాలి. ఐస్‌పెట్టెలో పెట్టి మధ్యాహ్నంలోగా దగ్గరి ఆసుపత్రి ల్యాబుకు చేర్చాలి. రిపోర్టులో వయసుకు తగ్గ వడపోత అంకె కూడా ముద్రించాలి. మందుల కొనుగోలు సంస్థలు రెండు మూడు నెలల నిల్వ తగ్గకుండా చూసుకోవాలి, శ్రీలంకలో ఏమైందో చూశాం కదా. ఆ నోటుబుక్కు లాంటి క్లినిక్ పుస్తకం మనకూ ఉండాలి, యాప్‌తో పాటు, యాప్‌కు బదులు కాదు.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది ఇంకొకటుంది. 2017లో ఉద్దానం ఊళ్ళలో తీసిన రక్తపరీక్షల ఫలితాల్లో ప్రమాదపు అంచున, 1.2కూ 2కూ మధ్య తేలినవాళ్ళు ఉంటారు. ఆనాడు వాళ్ళకు మందు అవసరం రాలేదు, పింఛనూ రాలేదు. ఆ జాబితా తీసి, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరి క్రియాటినిన్ ఇప్పుడు ఎంతుందో, ఎవరు డయాలసిస్‌లో చేరారో, ఎవరు చనిపోయారో రాసుకురావడానికి ఒక మండలానికి నలుగురు ఏఎన్ఎంలు, ఒక వేసవి చాలు.